ఫోకస్ తప్పిన అడుగు

శివలీల కొత్త కెమెరా కొని నాలుగు నెలలైంది. ఆ నాలుగు నెలల్లో ఆమె యూట్యూబ్ చానల్ కింద జనం రాసిన మాటలన్నిటికీ ఒకటే అర్థం: బొమ్మ మసకగా ఉంది. "అక్కా, ఎద్దులు యాడ? దుమ్మే కనపడతాంది" అని ఒకరు. "పాత కెమెరానే మేలు" అని ఇంకొకరు. మద్దికెర నుంచి ఒకాయన ప్రతి వీడియో కిందా ఏమీ రాయకుండా కళ్లజోడు బొమ్మ ఒకటి పెట్టి పోయేవాడు. అందరికంటే అతని మీదే ఆమెకు ఎక్కువ కోపం వచ్చేది.

ఆమెది పత్తికొండ. టమాటా మార్కెట్ వెనక వీధిలో ఒక్క గది స్టూడియో. పెళ్లిళ్లు, పేరుపెట్టడాలు తీసినా ఆమెను జనం గుర్తుపట్టేది బండలాగుడు పోటీల వీడియోలతోనే. ఎద్దుల జత పెద్ద రాతిబండను ఇరవై నిమిషాల పాటు లాగాలి. రెండు వందల యాభై అడుగుల బరిలో ఈ కొస నుంచి ఆ కొసకు, మళ్లీ ఆ కొస నుంచి ఈ కొసకు. ఒక కొస నుంచి ఇంకో కొసకు చేరితే ఒక విడత. ఎక్కువ దూరం లాగిన జత గెలిచినట్టు. పనుల కోసం బెంగళూరు పోయినవాళ్లు తమ ఊరి ఎద్దులను ఆమె చానల్లోనే చూసుకునేవారు.

పాత కెమెరా భుజం మీద పెట్టుకునేది. దానితో పని చేయడం ఆమెకు ఓబుళేశు నేర్పాడు. పదేళ్లు అతని స్టూడియోలోనే పనిచేసింది. "ముందు జూమ్‌తో ఎద్దు కంటి దాకా పో. ఆడ ఫోకస్ పెట్టుకో. ఇంక ఎంత వెనక్కి వచ్చినా బొమ్మ చెదరదు" అనేవాడతను. నిజంగానే చెదిరేది కాదు. కానీ పోయిన ఏడాది దుమ్ము లోపలికి పోయి ఆ కెమెరా మూలన పడింది. విడిభాగాలు ఎక్కడా దొరకలేదు. కొత్తది కొనేటప్పుడు దుకాణంలో కుర్చీలో కూర్చున్న మనిషి, "అన్నీ అదే చూసుకుంటుంది మేడం, మీరు పట్టుకుంటే చాలు" అన్నాడు.

అది చూసుకోలేదు. దూరంగా ఉన్న ఎద్దులను జూమ్‌తో దగ్గరికి లాక్కుని ఫోకస్ పెట్టి, అవి ఎదురుగా వస్తుంటే జూమ్ తగ్గించుకుంటూ వెనక్కి వస్తే బొమ్మ మెల్లగా కరిగిపోయేది. ఆటో ఫోకస్ పెడితే ఎద్దులను వదిలి దుమ్మును పట్టుకునేది, లేకపోతే అడ్డం వచ్చిన తలపాగాను. తప్పు తన చేతిదేనని శివలీల నమ్మింది. పదేళ్లుగా లేని తప్పు ఇప్పుడెందుకు వచ్చిందో తెలియక తనను తానే తిట్టుకునేది.

ఏప్రిల్ మొదటి వారంలో హనుమగేరి తిరునాళ్లకు పోటీలు పెట్టారు. బరి కొసన నిలబెట్టిన ట్రాక్టర్ ట్రాలీ మీద స్టాండు బిగించుకుని శివలీల పొద్దున ఎనిమిదికే నిలబడింది. అక్కడి నుంచి బరి నిలువునా కనిపిస్తుంది. రెండు పక్కలా సున్నపు గీతలు. ఎద్దు కాలు గీత దాటితే ఎర్ర జెండా లేస్తుందని, ఆ విడత లాగిన అడుగులు లెక్కలోకి రావని కమిటీ ముందే మైకులో చెప్పింది.

చివరి జత హనుమంతమ్మది. యాభై ఐదేళ్ల మనిషి. ఎర్రగట్టులో ఎనిమిది ఎకరాల మెట్ట సేద్యం ఆమెది. మొగుడు పోయాక ఎద్దులను అమ్ముకోమని అందరూ చెప్పినా అమ్మలేదు. పోటీలకు వచ్చే జతల్లో ఆడమనిషి పేరుతో వచ్చేది ఆమె జత ఒక్కటే. మరిది బొజ్జన్న తోలుతాడు. ఎడమ పక్క బూడిద రంగు మైలెద్దు, కుడి పక్క నల్లటి కర్రెద్దు.

అంతకుముందు జత రెండు వేల మూడు వందల పన్నెండు అడుగులు లాగి మొదట నిలిచింది. హనుమంతమ్మ ఎద్దులు తొమ్మిది విడతలు పూర్తి చేసి అవతలి కొసకు చేరేసరికి రెండు వేల రెండు వందల యాభై అడుగులయ్యాయి. ఇంకా ఒక నిమిషం మిగిలి ఉంది. ఇంకో అరవై మూడడుగులు లాగితే గెలుపు. జనం కేకలతో మైకు కూడా వినపడలేదు.

శివలీల జూమ్ కొసదాకా పెట్టి ఎద్దుల ముఖాల మీద ఫోకస్ నిలిపింది. మైలెద్దు మూతి మీద నురగ కూడా స్పష్టంగా కనిపిస్తోంది. ఎద్దులు తిరిగి ఇటువైపు కదిలాయి. కాళ్లూ గీతా కూడా బొమ్మలో పడాలని ఆమె జూమ్ కొంచెం వెనక్కి తెచ్చింది. బొమ్మ కరిగింది. ఫోకస్ రింగు తిప్పింది. ఎటు తిప్పాలో తేలక ఇంకా పాడైంది. గాబరాలో ఆటో నొక్కింది. కెమెరా ఒకసారి దగ్గరికి, ఒకసారి దూరానికి వెతుక్కుని, బరి పక్కన నిలబడిన ఎవరిదో చొక్కాను పట్టుకుని ఆగింది. మళ్లీ ఎద్దుల మీదికి తెచ్చుకునేసరికి ఎర్ర జెండా లేచి ఉంది. మరికాసేపటికి టైము అయిపోయి ఈల పడింది. ఎద్దులు తొంభై అడుగుల దగ్గర ఆగాయి.

గీత దగ్గర జెండా పట్టిన కమిటీ మనిషి భూపేష్, "మైలెద్దు కాలు గీత దాటినాది" అన్నాడు.

"దాటలేదు!" బొజ్జన్న చర్నాకోల కింద పడేశాడు. "గీత మీదనే వేసినాడు కాలు. నీకు కండ్లు కనపడవా ఏమప్పా?"

ఒక్క క్షణంలో బరి నిండా మనుషులు. కొందరు దాటిందన్నారు. కొందరు లేదన్నారు. గీత మీద అన్ని జతల అడుగులూ పడి ఉన్నాయి, ఏ అడుగు ఎవరిదో చెప్పే వీలు లేదు. హనుమంతమ్మ మాత్రం అరవలేదు. జనాన్ని తోసుకుంటూ కమిటీ పెద్ద వీరభద్ర ఎదుటికి వచ్చింది.

"మాటలెందుకప్పా? ఆ పాప వీడియో తీస్తాంది కదా. దాంట్లో చూడండి. కాలు దాటింటే నేనే నోరు మూసుకుని పోతా."

అందరూ ట్రాలీ వైపు తిరిగారు. శివలీల కెమెరా దించి, తువ్వాలు కప్పి ఎండ తగలకుండా చేసి, వీరభద్రకు చూపించింది. తెర మీద తెల్ల గీత పాలు ఒలికినట్టు పరుచుకుని ఉంది. ఎద్దుల కాళ్లన్నీ కలిసి ఒక బూడిద రంగు ముద్ద. ఆ ముద్ద కదులుతోంది. తర్వాత ఒక గళ్ల చొక్కా, దారాలు కూడా లెక్కపెట్టేంత తేటగా.

"ఇది గీతనా, కాలా?" అడిగాడు వీరభద్ర.

ఆమె వెనక్కి తిప్పి మళ్లీ చూపించింది. అదే ముద్ద.

"సరే, బొమ్మ పోతే పోనీ. నువ్వు ఆపక్కకే చూస్తాండావు కదా పాపా. కాలు దాటిందా లేదా? నీ మాటే తీసుకుంటాం."

హనుమంతమ్మ శివలీల ముఖంలోకే చూస్తోంది. లేదని ఒక్క మాట అంటే చాలు. అనాలని ఆమెకు ఎంతగానో అనిపించింది కూడా.

"నేను కాలు చూడలేదన్నా. ఫోకస్ పోయిందని రింగు తిప్పుకుంటాండా."

తొంభై అడుగులు లెక్కలోంచి తీసేశారు. హనుమంతమ్మ జతకు రెండో స్థానం. ఎద్దులను విప్పుకుని పోతూ ఆమె ట్రాలీ దగ్గర ఆగింది.

"ఇరవై నిమిషాలు నా ఎద్దుల మొగాలు తీసినావు. కావాల్సిన ఆ నాలుగు అడుగులప్పుడే నీకు కండ్లు పోయినాయా?"

ఆ మాట శివలీల వెంట పత్తికొండ దాకా వచ్చింది.

మరుసటి రోజు ఆమె స్టూడియో తెరవలేదు. మేడ మీద పిట్టగోడకు క్యాలెండర్ కాగితం ఒకటి అంటించి, ఈ కొసన కెమెరా పెట్టింది. జూమ్ కొసదాకా పోయి, తిథుల అక్షరాలు చదవగలిగేలా ఫోకస్ పెట్టింది. ఫోకస్ రింగుకు చేయి తగలకుండా జూమ్‌ను మెల్లగా వెనక్కి తెచ్చింది. తీసినది ల్యాప్‌టాప్‌లో పెద్దది చేసి చూసింది. మసక. మళ్లీ చేసింది. మసక. ఈసారి ఊపిరి బిగబట్టి చేసింది. మసక. పది సార్లు చేస్తే పది సార్లూ, సరిగ్గా ఒకే చోట, ఒకే మోతాదులో మసక. కదిలే ఎద్దు లేదు, దుమ్ము లేదు, గోడ ఎక్కడికీ పోలేదు. తప్పు తన చేతిది కాదు, లెన్స్‌దే.

కెమెరా కొన్న దుకాణానికి ఫోన్ చేసింది.

"అది ఫోటోల లెన్స్ మేడం. జూమ్ మార్చినాక మళ్లీ ఫోకస్ చేసుకుని ఫోటో తీసుకుంటారు. వీడియో నడుస్తుండగా జూమ్ ఆడిస్తే అంతే."

"ఈ మాట కొనేటప్పుడు యాల చెప్పలేదన్నా?"

"మీరు అడగలేదు కదా మేడం."

ఆమె ఫోన్ పెట్టేసి పక్కనున్న నీళ్ల బకెట్టును కాలితో తన్నింది. వేలు వాచింది. నాలుగు నెలలు తనను తాను తిట్టుకున్న తిట్లన్నీ ఇప్పుడు ఎవరికి ఇవ్వాలో తెలియలేదు.

సాయంత్రం కుంటుకుంటూ ఓబుళేశు దగ్గరికి పోయింది. ఇప్పుడతను పాస్‌పోర్టు ఫోటోలు తప్ప ఏమీ తీయడం లేదు. కళ్లద్దాలు పైకి తోసి కెమెరాను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఈ లెన్స్ సంగతి నాకు తెలీదు శివా. నాకొచ్చిందే నీకు నేర్పినా. అది దీనికి పనికిరాదంటే నేనేం చెప్పను?" అని, తీసిన వీడియోను ముక్కుకు ఆనించుకున్నట్టు చూశాడు. "మిట్టమధ్యాహ్నం ఎండలో లెన్స్ కన్ను ఇంత బార్లా తెరిచి పెట్టినావేమ్మా? పెండ్లికూతురా అది, వెనకంతా మసకగా ఉండనీకె? కన్ను చిన్నది చెయ్. అప్పుడు ముందుకూ వెనక్కూ నాలుగు అడుగులు తప్పినా బొమ్మ నిలుస్తాది."

పెళ్లిళ్ల అలవాటు అది. వెనకంతా మసకగా ఉంటే వధువు ముఖం బాగుంటుందని వెలుతురు తగ్గించే నల్లటి అద్దం ఒకటి బిగించి, కన్ను తెరిచి తీసేది. పోటీలకు కూడా అలాగే వదిలేసింది. లెన్స్‌ది సగం తప్పయితే మిగతా సగం మళ్లీ తనదే. ఆమెకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు.

గోడ మీది కాగితంతో నేర్చుకునేది ఎంతో లేదని నాలుగు రోజులకే తెలిసింది. ఎద్దులు కావాలి, అవి ఎదురుగా రావాలి. ఆలోచించి ఆలోచించి స్కూటీ ఎక్కి ఎర్రగట్టు పోయింది.

హనుమంతమ్మ గాటి దగ్గర చొప్ప వేస్తోంది. "ఇంకేం మిగిలినాదని వచ్చినావు?"

"మీ ఎద్దులతో పొద్దున సాధన చేయిస్తారు కదా పెద్దమ్మా. అప్పుడు తీసుకుంటా. నేర్చుకోనీకె."

"నా ఎద్దులు నీకు పలకా బలపమా?"

శివలీల కదల్లేదు. హనుమంతమ్మ చొప్ప వేయడం ముగించి, చేతులు దులుపుకుని, అప్పుడు చెప్పింది. "దూరంగా నిలబడు. ఎద్దులకు అడ్డమొస్తే కెమెరాతో పాటు బండ కిందికి పోతావు."

ఆ రోజు నుంచి తెల్లవారగానే ఇరవై రెండు కిలోమీటర్లు పోవడం, ఎండ ముదిరేసరికి తిరిగి రావడం. ఫోకస్ రింగు చుట్టూ ఆసుపత్రి ప్లాస్టర్ అంటించి పెన్నుతో మూడు గీతలు పెట్టుకుంది. ఆ కొసకు ఒకటి, నడి బరికి ఒకటి, ఈ కొసకు ఒకటి. బొటనవేలు, చూపుడువేలితో జూమ్ రింగు తిప్పుతూ, అదే చేతి చిటికెనవేలితో ఫోకస్ రింగును గీత నుంచి గీతకు జరపాలి. చెప్పుకోడానికి సులువు. చేస్తుంటే ఒక వేలు పోతే ఇంకో వేలు ఆగిపోయేది. రెండూ కుదిరితే ఎద్దులు బొమ్మ పక్కకు జారిపోయి కొమ్ముల కొసలు మాత్రం మిగిలేవి. వాటిని మళ్లీ నడిమికి తెచ్చుకునే తొందరలో చిటికెనవేలు గీత దాటేది. బొజ్జన్న నవ్వేవాడు.

"ఏం పాపా, ఈ పొద్దు ఎవరి చొక్కా తీసినావు?"

మూడో రోజు ప్లాస్టర్ చెమటకు ఊడిపోయింది. ఐదో రోజు అన్నీ కుదిరి, తీరా చూస్తే రికార్డింగ్ నొక్కనే లేదు. ఆరో రోజు ఇంటికి తిరిగి పోతూ, ఇదంతా మానేసి పెళ్లిళ్లతో బతికితే పోయేదేముందని దారి పొడవునా తనలో తాను గట్టిగానే అనుకుంది. కానీ ఏడో రోజు మళ్లీ పోయింది. ఆ రోజు ఒక సంగతి తట్టింది. ఎద్దులను పట్టుకోవాలని వాటి వెంట పడుతున్నందువల్లే జారిపోతున్నాయి. అవి రాబోయే చోటును ముందే బొమ్మలో ఖాళీగా ఉంచుకుని, అవి అందులోకి వచ్చాక జూమ్ కదిపితే, మూడు పనుల్లో ఒకటి తగ్గుతుంది.

తొమ్మిదో రోజు కుదిరింది. ఆ కొసన ఎద్దుల ముఖాలతో మొదలుపెట్టి, వాటితో పాటే వెనక్కి వస్తూ, కాళ్లు, కాడి, తాళ్లు, వెనక బండ, పక్కన బొజ్జన్న, అన్నీ ఒకదాని తర్వాత ఒకటి బొమ్మలోకి వచ్చాయి. గిట్టల కింద లేచే మట్టిపెళ్లలు కూడా విడివిడిగా కనిపించాయి. రెండు వందల యాభై అడుగులు, ఎక్కడా చెదరలేదు. శివలీల రికార్డింగ్ ఆపింది.

ల్యాప్‌టాప్‌ను వసారాలో మంచం మీద పెట్టి హనుమంతమ్మను పిలిచింది. మెప్పు కోసమే పిలిచింది. హనుమంతమ్మ నిలబడే చూసింది. కాసేపటికి కూర్చుంది.

"ఆపు. వెనక్కి పోనీ."

శివలీల వెనక్కి తిప్పింది.

"మల్లా."

మూడోసారి చూసేటప్పుడు హనుమంతమ్మ తెర మీద వేలు పెట్టింది. "ఈ కాలు చూడు. మైలోడి ముందరి ఎడమ కాలు. అన్ని అడుగులూ నిండుగా మోపుతాండాడు. ఈ అడుగు మాత్రం సగమే మోపి, పక్కకు వేస్తాండాడు. ఇదిగో, మల్లా."

బొజ్జన్న వంగి చూశాడు. "ఎండకు తెరలో అట్ల కనపడతాది వదినా. రోజూ నేనే కదా తోలేది. నాకు తెల్దా?"

"నువ్వు పక్కన నడుస్తావు. నేను వెనక నడుస్తా. లాగే ఎద్దుకు ఎదురుగా నిలబడి చూసినోళ్లు మనలో ఎవరుండారు?"

ఆమె లేచి గాటికి పోయి మైలెద్దు కాలు పైకెత్తించింది. గిట్టల సందులో బొటనవేలితో నొక్కగానే ఎద్దు కాలు విదిలించుకుంది. నొక్కిన చోట చీము తేలింది. మధ్యాహ్నానికి పశువుల డాక్టరు వచ్చి కోసి, విరిగిన తుమ్మముల్లు ముక్క ఒకటి బయటికి తీశాడు. చిటికెనవేలి గోరంత ఉంది. లోపల పట్టిన చీము చూస్తే నెల పైమాటేనన్నాడు.

డాక్టరు పోయాక హనుమంతమ్మ ఎద్దు పక్కనే రాతి మీద కూర్చుండిపోయింది.

"ఆ పొద్దు గీత దాటే ఉంటాది పాపా. నొప్పికి పక్కకు వేసింటాడు. నేను ఆ భూపేష్‌ను ఊరంతా తిట్టినా. వాని ఇంటి ముందుకు పోయి గూడా తిట్టినా."

"అది రుజువు కాదు పెద్దమ్మా. ఆ పొద్దు బొమ్మే లేదు కదా. దాటిందో లేదో మనకు తెలీదు."

"తెలీదు." హనుమంతమ్మ ముల్లు ముక్కను అరచేతిలో అటూ ఇటూ దొర్లించింది. "నీ బొమ్మ సరిగ్గా వచ్చింటే ఆ పొద్దే తెలిసిపోయేది. వీనితో ఇన్ని దినాలు కుంటి కాలితో బండ లాగించేదాన్ని కాదు."

శివలీలకు ఒళ్లు మండింది. తొమ్మిది రోజులు పడిన పాటుకు దక్కింది ఈ మాటా అనుకుంది. ఏదో అనబోయి, ఎద్దు మెడ మీద కాడి ఒరిపిడికి వెంట్రుకలు ఊడిన చోట హనుమంతమ్మ చేయి ఆగి ఉండటం చూసి ఊరుకుంది. ఆ మాటలో అబద్ధమూ లేదు. కెమెరా సర్దుకుని వచ్చేసింది. ఆ తర్వాత మూడో రోజు హనుమంతమ్మ హనుమగేరి పోయి భూపేష్ ఇంటి ముందే నిలబడి, తిట్టిన నోటితోనే తప్పయిందని చెప్పి వచ్చిందని బొజ్జన్న ఫోన్ చేసి చెప్పాడు. మైలెద్దును ఆ ఏడాదికి కాడి కింద పెట్టేది లేదని కూడా అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు అతని గొంతులో నవ్వు లేదు.

జూన్‌లో జమ్మలమడుగు దగ్గర పోటీలకు శివలీలను పిలిచారు. గండికోట చూడ్డానికి పోయే కార్లు రోడ్డు పక్కన ఆగి, వాటిలోని జనం కూడా దిగి చూశారు. పదకొండు జతలు, అన్నీ ఆమె చానల్లో లైవ్‌గా పోయాయి. తొమ్మిది జతలకు ఫోకస్ నిలిచింది. మూడో జతకు చిటికెనవేలు చెమటకు జారింది. ఎనిమిదో జత సగం బరికి వచ్చేసరికి బొమ్మ మెత్తబడి, సరిచేసుకునే లోపల ఎద్దులు దాటిపోయాయి. పదకొండులో తొమ్మిది అంటే మేలే కదా అని కమిటీ వాళ్లన్నారు. ఆమెకు ఆ రెండే కళ్ల ముందు తిరుగుతున్నాయి.

సాయంత్రం ఆరింటికి స్టాండు మడుస్తుంటే హనుమంతమ్మ ఫోన్ చేసింది. పలకరింపు లేదు.

"ఎనిమిదో జతలో కుడి ఎద్దు కాలు చూసినావా? తిరిగేటప్పుడు ఏదో తేడాగా వేసినాడు. సరిగ్గా చూద్దామనుకునే లోపల నువ్వు మసక చేస్తివి. ఇంకోసారి చూపించు."

"లేదు పెద్దమ్మా. తీసిందే అంత."

"అయితే పోయి వాళ్లకు చెప్పు, కాలు ఎత్తి చూసుకోమను."

శివలీలకు అసలే ఒళ్లంతా నొప్పులు. పొద్దున్నుంచి నీళ్లు తప్ప ఏమీ పడలేదు. అయినా ఎనిమిదో జతను లారీ ఎక్కిస్తున్న చోటికి పోయింది. యజమాని నాగరాజ్‌కు ముందు కోపం వచ్చింది. ఓడిపోయిన జత, ఇంటికి పోయే వేళ, ఎవరో వచ్చి కాలు చూడమంటే ఎవరికి రాదు? కానీ చూశాడు. గిట్టల సందు, మడమ, అన్నీ నొక్కి చూశాడు. ఎద్దు కదల్లేదు.

"ఏమీ లేదు పాపా. బాగుండాది."

శివలీల హనుమంతమ్మకు ఫోన్ చేసి ఆ మాటే చెప్పింది.

"కాలిలో లేదంటే భుజం కీలు దగ్గర ఉంటాది. ఆడ నొక్కి చూడమను."

లారీ డ్రైవర్ హారన్ కొడుతున్నాడు. శివలీల ఒక చేత్తో స్టాండును, ఇంకో చేత్తో ఫోన్‌ను పట్టుకుని, ఇంకొక్కసారి అడగడానికి నాగరాజ్ వైపు తిరిగింది.